సాంకేతిక విద్యా శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

నేను ఫ్యాక్టరీల్లో యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్లకు, అంటే పీఎల్‌సీలకు, ప్రోగ్రాములు రాస్తాను. ఎలక్ట్రీషియన్లు తేలిగ్గా చదవగలగాలని వాటి ప్రోగ్రాములు రాసే ల్యాడర్ లాజిక్ అనే నిచ్చెన ఆకారపు భాషను రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) సర్క్యూట్ బొమ్మలాగే ఉంచారు. స్టార్ట్ బటన్‌కు సమాంతరంగా, మోటార్ నడిచేటప్పుడు మూసుకునే కాంటాక్టు గీస్తే, బటన్ మీంచి వేలు తీసినా మోటార్ ఆగదు. ఆ ఒక్క మెట్టు చూస్తే సంగతి తెలిసిపోతుంది.

కానీ ఒక నైట్ షిఫ్టులో పంపు ఆగిపోయింది. స్క్రీన్ మీద అన్నీ ఎం101, ఎం102 లాంటి మెమరీ నంబర్లే. ఏది ఏమిటో చెప్పే ఒక్క కామెంటూ లేదు. ఆపరేటర్‌కు చెమటలు పట్టాయి. మూడు గంటలు వెతికితే తేలింది, ఎం102 అంటే ‘ట్యాంకులో నీళ్లు తక్కువ’ అట! లెవెల్ స్విచ్ ఇరుక్కుపోయింది, అంతే. ఆ పేరు రాసి ఉంటే పది నిమిషాల పని.

పీఎల్‌సీ భాషల కోసం 1993లో వచ్చిన ఐఈసీ 61131-3 అనే అంతర్జాతీయ ప్రమాణంలో పనిని దశలుగా చూపే ఎస్‌ఎఫ్‌సీ అనే బొమ్మల పద్ధతి కూడా ఉంది: నింపు, వేడి చెయ్యి, ఖాళీ చెయ్యి. సరుకును విడతలుగా తయారుచేసే బ్యాచ్ ప్లాంట్లకు ఇంతకంటే తేలికైనది నేను చూడలేదు. పాలిటెక్నిక్ ల్యాబుల్లో పిల్లల చేత దీన్ని స్వయంగా చేయించండి. అర్థమయ్యే పేర్లకు, తెలుగు కామెంట్లకు మార్కులు పెట్టండి. ఆ ల్యాబ్ పాఠాలు రాయడానికి నా ఆదివారాలు ఇస్తాను.

ఇట్లు,
ఒక ఆటోమేషన్ ఇంజనీర్