డప్పుకు చలి వేసిందా, టీచర్?

తల్లిదండ్రులకు, ముఖ్యంగా ఈ ఉత్తరాన్ని ఎవరో చదివి వినిపిస్తుంటే వినే అమ్మమ్మలకు, నాయనమ్మలకు, తాతలకు నమస్కారం.

మరో వారంలో బతుకమ్మ సెలవులు. మార్కులు, ఫీజు బాకీలు, బస్సు వేళలు వెనక పేజీలో ఉన్నాయి. ఈ పేజీ ఆటపాటలకు. జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి ప్రతి శనివారం చివరి రెండు పీరియడ్లలో ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లలు ఏం చేస్తున్నారని చాలామంది అడుగుతున్నారు. "శనివారం వస్తే చాలు, మా అమ్మాయి గౌను నిండా మట్టే" అని ఒక తల్లి డైరీలో రాసి పంపారు. ఆ మట్టి సంగతి చెప్పే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

నిరుడు వార్షికోత్సవంలో జానపద నృత్యం పెట్టాం. అద్దె దుస్తులు తెప్పించాం, థర్మకోల్ బతుకమ్మలు చేయించాం, నెల రోజులు సాధన చేయించాం. ఎత్తు కుదరని పిల్లలను, అడుగు తప్పే పిల్లలను పక్కన కూర్చోబెట్టాం. తీరా ఆ రోజు పాట మధ్యలో కరెంటు పోయింది. స్పీకరు ఆగగానే పిల్లలూ ఆగిపోయారు. నెల రోజులు ఆ పాటకు అడుగులు వేసినవాళ్లలో ఒక్కరికీ పాట రాదు. చీకట్లో తలమీద థర్మకోల్ పట్టుకుని బిక్కమొహాలతో నిలబడ్డారు. జనరేటరు కోసం మేం పరుగులు పెడుతుంటే ముందు వరుసలో ఒక నాయనమ్మ చప్పట్లు చరిచి ఉయ్యాల పాట ఎత్తుకుంది. వెనక కుర్చీల్లోని ఆడవాళ్లు అందుకున్నారు. పక్కన కూర్చోబెట్టిన పిల్లలు లేచి వాళ్ల మధ్యలో దూరారు. వాళ్ల అడుగు తప్పుతోందని అక్కడ ఎవరూ అనలేదు. లైట్లు వచ్చాక మళ్లీ స్పీకరు పెట్టించిన మనిషిని నేనే. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది.

మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఆటే చదువు కావాలని 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చెబుతోంది. అది మా కార్యాలయం బీరువాలోనే ఉంది, నేను చదివాను కూడా. చదివి మారలేదు, కరెంటు పోతే మారాను.

ఆ నాయనమ్మ పాటలో నేను అప్పటిదాకా గమనించని సంగతి ఒకటుంది. ఒకరు చెబుతారు, మిగతావాళ్లు ఉయ్యాలో అనో చందమామ అనో అందుకుంటారు. పాట మొత్తం వచ్చినవాళ్లు గుంపులో ఒక్కరుంటే చాలు. మొన్ననే కాపురానికి వచ్చిన కోడలైనా, చంకలోంచి దిగిన పిల్లైనా ఆ చివరి మాట అందుకుంటూ తిరగవచ్చు. నాలుగేళ్లు అలా తిరిగితే పాట దానంతట అదే వస్తుంది. కాముని పున్నమి వెన్నెల్లో మన చిన్నప్పుడు ఇల్లిల్లూ తిరిగి ఆడిన జాజిరి కూడా అంతే. పీర్ల పండుగ రోజుల్లో గుండం చుట్టూ అసోయ్ దూలా ఆడినప్పుడు నీకు అడుగు వచ్చా అని ఎవరు అడిగారు? పక్కవాడి అడుగు చూసి వేయడమే. మేం మాత్రం వాటిని తెచ్చి వరుసల్లో నిలబెట్టి, ఎదురుగా కుర్చీలు వేశాం.

అందుకే ఈ ఏడాది శనివారాలకు కుర్చీలు లేవు, స్పీకరు లేదు, ఎంపిక లేదు. చింతచెట్టు కింద సున్నంతో గీసిన పెద్ద గిరి ఒకటి ఉంది.

పండుగల ఆటపాటలు శ్రావణంలో తీజ్‌తో మొదలుపెట్టాం. మన బడికి దేవరకొండ చుట్టుపక్కల తండాల నుంచి వచ్చే పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ల ఇళ్లలో పెళ్లికాని అమ్మాయిలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి, ఆ మొలకల చుట్టూ ఆడి పాడతారని వాళ్లకు తెలుసు. పక్క బెంచీలో కూర్చునే పిల్లలకు తెలియదు. నిజం చెప్పాలంటే కొందరు టీచర్లకూ తెలియదు. బుట్టకు ఆరుగురు చొప్పున మట్టి, ఎరువు కలిపి గోధుమలు చల్లారు. రోజూ ప్రార్థన కాగానే పరుగెత్తుకెళ్లి స్కేలు పెట్టి కొలవడం, నోటుబుక్కులో రాసుకోవడం. తండా నుంచి వచ్చే రెండో తరగతి అమ్మాయి ఒకరు తరగతిలో పేరు పిలిస్తే తప్ప నోరు విప్పేది కాదు. ఆ వారం ఆమే మాకు టీచరు. తమ లంబాడీ భాష గోర్‌బోలీలోని పాటను ఒక్కో ముక్క చెబుతుంటే మిగతావాళ్లు తప్పులు పలకడం, ఆమె నడుం మీద చేయి వేసుకుని "అట్లా కాదు" అనడం. ఆ "అట్లా కాదు"లో స్వరం అచ్చం మా లెక్కల టీచరుదే.

తర్వాత వాద్యాల వంతు. డిండి దాటితే నాగర్‌కర్నూల్ జిల్లా. అక్కడి అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య గారికి 12 మెట్ల కిన్నెర అనే తీగల వాద్యం వాయించే కళకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్ప గారికి బుర్రవీణకు 2024లో ఇచ్చారు. రెండూ మన దక్షిణ తెలంగాణ వాద్యాలే, రెండింటికీ సొరకాయ బుర్రలే ప్రాణం. బుర్ర ఎందుకని ఏడేళ్ల పిల్లలకు ఎలా చెప్పాలి? రబ్బరు బ్యాండు ఇచ్చి, ఎవరి టిఫిన్ బాక్సుకు వాళ్లు చుట్టి మీటమన్నాం. కొన్ని బాక్సులు బాగా మోగాయి, కొన్ని తుస్సుమన్నాయి. పది నిమిషాలు కిందామీదా పడ్డాక మూడో తరగతి అబ్బాయి తేల్చాడు: "అన్నం తిన్నవాడి బాక్సు పాడుతోంది, తిననివాడిది పాడటం లేదు." అప్పుడు అందరూ ఎండిన బుర్రను చెవికి పెట్టుకుని, వేలితో తట్టి, లోపల ఏముందో విన్నారు. మధ్యాహ్నం డబ్బా ఖాళీ చేయని నలుగురు ఎవరో ఆ రోజే దొరికిపోయారు. వాళ్ల అమ్మలకు విడిగా చెప్పాను.

డప్పు శనివారం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మూడో తరగతిలో చదివే ఒక పిల్లవాడి తాతను పిలిచాం. ఆయన నలభై ఏళ్లుగా డప్పు కొడుతున్నారు. జల్లు పడి తెరిపిచ్చిన రోజు. సంచిలోంచి డప్పు తీసి ఒక దెబ్బ వేస్తే తడిగోడ మీద కొట్టినట్టు మెత్తగా పలికింది. పిల్లలు నిరాశగా చూశారు. ఆయన ఏమీ మాట్లాడకుండా మైదానం మూలన ఎండుగడ్డి పోగేసి మంట వేశారు. డప్పును రెండు చేతులతో పట్టుకుని మంటకు దూరంగా, చక్రం తిప్పినట్టు నెమ్మదిగా తిప్పసాగారు. మధ్యమధ్య వేలితో టక్కున తట్టి, తల వంచి విని, మళ్లీ కాచేవారు. "డప్పుకు చలి వేసిందా, టీచర్?" అని ఒకటో తరగతి పిల్ల అడిగింది. అవునన్నారు తాత. చెమ్మ తగిలితే తోలు వదులవుతుంది, సెగ తగిలితే బిగుస్తుంది, బిగిస్తేనే మాట ఖంగుమంటుందని ఆయన తన మాటల్లో చెప్పారు. ఆరోసారో ఏడోసారో తట్టినప్పుడు శబ్దం మారింది. పిల్లలే ముందు పసిగట్టారు, అరిచారు. కుడిచేతిలో పొట్టి సిర్ర, ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్ల. రెండూ కలిసి పలికిన మొదటి దరువుకే గిరిలో ఎవరి కాళ్లూ నిలవలేదు. మంట దగ్గర ఇద్దరు టీచర్లు, రెండు బకెట్ల నీళ్లు ఉన్నాయని కంగారుపడేవాళ్ల కోసం చెబుతున్నాను.

తన తాత ఏం చేస్తారో ఆ పిల్లవాడు రెండేళ్లుగా ఎవరికీ చెప్పలేదని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు సాయంత్రం బస్సు దాకా సంచి వాడే మోశాడు, ఎవరు అడిగినా ఇవ్వలేదు.

మర్నాడు రెండు ఫోన్లు వచ్చాయి. బడిలో డప్పు ఏమిటి మేడం, మా పిల్లలకు అది ఎందుకు అని. ఆ ప్రశ్న వెనక ఏముందో అడిగినవారికీ తెలుసు, నాకూ తెలుసు. ఫోన్లో ఇచ్చిన జవాబే ఇక్కడా ఇస్తున్నాను. మన ఇళ్లలో పెళ్లి ఊరేగింపుకు, బోనానికి, పండుగకు డప్పు కావాలి. ఆ తోలు కాచే చేతులు మాత్రం వాకిలి అవతలే ఉండాలి. ఈ లెక్క నా బడిలో చెల్లదు. ఆ తాత మళ్లీ వస్తారు, ఈసారి దరువులు నేర్పడానికి. ఆ గంట తమ పిల్లలను పక్కన కూర్చోబెట్టమని ఎవరైనా అడిగితే కూర్చోబెట్టను. నిరుడు పక్కన కూర్చోబెట్టింది చాలు.

చదువు వెనకబడుతుందేమోనన్న బెంగ వేరు, అది న్యాయమైనదే. వారానికి రెండు పీరియడ్లే పోతున్నాయి. అవీ ఉత్తినే పోవడం లేదు. వామనగుంటల పీటలో ఏడేసి గుంటల వరుసలు రెండు. గుంటకు నాలుగు చింతగింజలంటే మొత్తం 56 అని రెండో తరగతి పిల్లలు ఎక్కం అప్పజెప్పకుండానే చెప్పారు. ఎక్కడ మొదలుపెడితే ఖాళీ గుంట పక్కన పంట దక్కుతుందో చేయి వేయకముందే మనసులో లెక్కవేసే పిల్లలు ఇప్పుడు అయిదారుగురు ఉన్నారు. నేను రెండుసార్లు ఓడిపోయాను. కోలాటం ఒక్కటి మాత్రం ఇంకా దారికి రాలేదు. తొలిరోజే వేళ్ల మీద కోలలు పడి నాలుగు ఏడుపులు. కర్ర కోలలు పక్కన పెట్టి పాత వార్తాపత్రికలను బిగించి చుట్టిన కోలలు ఇచ్చాం. చప్పుడు సరిగా రావడం లేదని ఇప్పుడు పిల్లలే అలిగారు.

ఇక గౌను మీది మట్టి. అది పుట్టమన్ను. ఈ వారం, బతుకమ్మకు ముందు ఆడపిల్లలు ఆడుకునే మట్టి బొడ్డెమ్మ కడుతున్నారు. పీట మీద మెట్లు మెట్లుగా పేర్చి, తడి చేత్తో నున్నగా మెత్తి, పూలు గుచ్చుతున్నారు. మగపిల్లలు బొడ్డెమ్మ ఆడతారా అని ఒక అమ్మమ్మ గేటు దగ్గర పకపకా నవ్వారు. ఆడుతున్నారమ్మా. మట్టి పిసికే పని అన్నాక వాళ్లను ఆపడం నా వల్ల కాలేదు. ఉతికే వాళ్లకు మాత్రం నా క్షమాపణలు. శనివారాలు పాత బట్టలు వేసి పంపండి.

సెలవులకు ఇంటిపని ఇవ్వడం లేదు. బదులుగా ఒకటి అడుగుతున్నాను. ఇంట్లో పెద్దవాళ్లకు వచ్చిన ఒక ఆటో పాటో పిల్లలు నేర్చుకుని రావాలి. ఫోనులో వీడియో తీసి పంపవద్దు, నేను చూడను. పిల్లలే వచ్చి మాకు నేర్పాలి. సగమే వచ్చినా సరే. అమ్మానాన్నలు హైదరాబాదులోనో ముంబయిలోనో పనిలో ఉండి, పండుగకు నాలుగు రోజులు వచ్చిపోయే ఇళ్లు మనలో తక్కువేమీ కాదు. ఆ నాలుగు రోజుల్లో ఒక సాయంత్రం ఇంటి వాకిట్లో చిన్న బతుకమ్మ పెట్టుకుని ఆడండి. కూడలిలో పెద్ద స్పీకర్లు ఎలాగూ ఉంటాయి, వాటి దగ్గరికి తర్వాత వెళ్లవచ్చు. చెవులు చిల్లులు పడే ఆ చప్పుడులో పిల్లలకు అమ్మ గొంతు ఎలా వినిపిస్తుందో నాకైతే అర్థం కాదు.

తంగేడు, గునుగు కోసం పిల్లలను ఒంటరిగా చేలగట్ల మీదికి పంపకండి. వానల తర్వాత గడ్డి ఏపుగా ఉంది, పాములు తిరిగే కాలం. తంగేడు కొమ్మలు విరవకుండా పూలు మాత్రమే కోయడం చూపించండి. గునుగుకు రంగులు అద్దే పని పెద్దలే చేయండి. నిమజ్జనానికి చెరువు దగ్గరికి వెళితే పిల్లల చేయి వదలవద్దు. ఈ ఏడు చెరువులు నిండుగా ఉన్నాయి.

చివరగా, మా దగ్గరున్న మూడు సొరకాయ బుర్రల్లో ఒకదానికి ఎలుక కన్నం పెట్టింది. సెలవుల తర్వాత పిల్లలతో చిన్న కిన్నెర చేయిద్దామని ఉంది. పెరట్లో సొరపాదు ఉన్నవాళ్లు ముదిరిన కాయ ఒకటి కోయకుండా తీగకే ఎండనివ్వండి. గుండ్రటిదైతే మంచిది.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు