పత్తి తెలివితో పచ్చిక వేసిన కథ

కొలంబస్, ఒహాయో
అక్టోబరు 18

ప్రియమైన శేషూ,

నీ ఉత్తరం అంది రెండు నెలలు దాటింది. ఇన్నాళ్లూ జవాబు రాయనందుకు ఎన్ని తిట్టినా పడతాను గానీ, ఈ ఆలస్యంలో సగం పాపం మీ పత్తి చేనుదే కాబట్టి చివరిదాకా చదివి ఆ తరువాతే తిట్టు. ఇక్కడ అందరమూ క్షేమం. పాప రెండో తరగతికి వచ్చింది, అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, ఉద్యోగం నడుస్తోంది. ఇక అసలు సంగతి.

పోయిన చలికాలం కొన్న ఇంటి ముందు బిల్డరు వదిలి వెళ్లిన బంకమట్టి తప్ప ఏమీ లేదని రాశాను కదా. ఏప్రిల్‌లో నేనే పచ్చిక పెంచాలని నిశ్చయించుకొని, టాల్ ఫెస్క్యూ, కెంటకీ బ్లూగ్రాస్ అనే గడ్డి రకాలు కలిసిన విత్తనం తెచ్చి, మట్టిని పైపైన గోకి చల్లాను. ఇక్కడ వసంతంలో నేల 13 డిగ్రీల దాకా వేడెక్కితే చాలు, క్రాబ్‌గ్రాస్ అనే కలుపు మొలుస్తుంది. పీత కాళ్లు చాచినట్టు నేలనంటి నాలుగు వైపులా పాకుతుంది. దాన్ని మొలవనీయని గుళికల మందు దుకాణంలో కనిపించగా, సంచి మీద మందు పేరు చదివి పొంగిపోయాను. పెండిమిథాలిన్! పత్తి విత్తిన 48 గంటల లోపే మీ నాన్నగారు ట్యాంకు వీపున తగిలించుకొని కొట్టిన మందు, నా తెల్ల చొక్కా మీద ఎన్ని ఉతుకులకూ పోని పసుపు మరక చేసిన మందు! మందు కొట్టినా పత్తి మొలిచింది, కలుపు మొలవలేదు. కాబట్టి పచ్చిక మొలుస్తుంది, క్రాబ్‌గ్రాస్ మొలవదు అని తీర్మానించి, ఈ రెండో బెంచీ శాస్త్రవేత్త ఆ గుళికలూ చల్లేశాడు. నవ్వకు.

నాలుగు వారాలు ఉదయం, సాయంత్రం నీళ్లు పెట్టినా నేల బోడిగానే ఉండిపోయింది. చివరికి అక్కడక్కడా తేలిన పోచల్లో ఒకదాన్ని లాగి చూస్తే, వేరు చివర సన్నగా సాగకుండా అగ్గిపుల్ల తలలాగా ఉబ్బి మొద్దుబారి ఉంది. ఆ మందు చేసే పనే అది, వేరు కొనలో కణాలను చీలనివ్వదు. మందంతా నేల పైపొరలోనే నిలిచిపోతుంది. పత్తి గింజను రెండంగుళాల లోతున పెడతాము కాబట్టి దాని వేరు మందు పొరకు కిందనే పుట్టి కిందికే దిగుతుంది. పచ్చిక విత్తనమో పావంగుళమైనా లోతు లేకుండా సరిగ్గా ఆ పొరలోనే పడి ఉంటుంది. కలుపు గింజకూ దానికీ తేడా మందుకు ఎలా తెలుస్తుంది? చల్లిన తరువాత నాలుగు నెలల దాకా గడ్డి విత్తనం వేయరాదని సంచి వెనక చీమ తలకాయంత అక్షరాలతో రాసే ఉంది. నేను పేరు చదివి ఆగిపోయాను.

వేసవి మధ్యలో మందు బలం తగ్గేసరికి ఖాళీ నేల దొరికిన క్రాబ్‌గ్రాస్ రెట్టింపు సంబరంగా వచ్చింది. ఆ రోజులు తలచుకోవడం నాకు ఇష్టం లేదు.

సెప్టెంబరు మొదటి వారంలో మళ్లీ విత్తాను. ఇక్కడి పచ్చికకు అదే అసలైన అదను: నేల వెచ్చగా ఉంటుంది, ముందున్న మంచుకు క్రాబ్‌గ్రాస్ ఎలాగూ చచ్చిపోతుంది. విత్తిన రోజే మీసోట్రియోన్ అనే కలుపు మందు కొట్టాను. మీ మొక్కజొన్నలో అట్రజిన్‌తో కలిపి కొట్టే మందే ఇది. టాల్ ఫెస్క్యూకూ బ్లూగ్రాస్‌కూ విత్తేటప్పుడు కొట్టినా హాని చేయదు గానీ, నీడకు వేసే ఫైన్ ఫెస్క్యూకు పనికిరాదు. మన గరిక జాతి బెర్ముడానైతే దెబ్బతీస్తుంది. ఈసారి కాగితం మొత్తం రెండుసార్లు చదివి, చెంచా కొలతకు చుక్క మించకుండా కలిపి, తడి ఆరేదాకా పాపను గడప దాటనివ్వలేదు.

పది రోజులకు పచ్చని పోచల మధ్య, మూటగట్టిన పెసల మొలకల్లాగా, పాలతెల్లని కలుపు లేచింది! ఆకుకు పచ్చదనం నిలవకుండా చేసి చంపే మందట అది. మా ఆవిడ కిటికీలోంచి చూసి, "ఇది కూడా తగలబెట్టారా?" అంది. రెండు రోజులు నాకూ గుండె దడే.

ఇంకో వింత విను. 1977లో కాలిఫోర్నియాలో ఒక శాస్త్రవేత్త తన పెరట్లోని బాటిల్‌బ్రష్ చెట్టు కింద కలుపు పెద్దగా మొలవడం లేదని గమనించాడట. ఆ చెట్టులో దొరికిన పదార్థం ఆధారంగానే ఈ జాతి మందులు వచ్చాయి. మన హాస్టల్ వెనకా ఆ చెట్టే కదా! దాని కింద మనం ఏం గమనించామో నీకూ నాకూ తెలుసు, కాగితం మీద పెట్టను.

ఇప్పటికి రెండుసార్లు కోశాను, నాలుగంగుళాలు పెరిగాక మూడంగుళాల ఎత్తుకు. వెడల్పాకు కలుపు, ముఖ్యంగా డాండిలయన్, కొద్దిగా ఉంది. వెడల్పాకు కలుపును చంపే 2,4-డి మందు కొట్టమని పొరుగాయన పోరుతున్నాడు గానీ, లేత పచ్చిక కనీసం మూడు నాలుగు కోతలు చూడనిదే దాన్ని తట్టుకోలేదు. అందుకని వాన పడిన మర్నాడు, మట్టి మెత్తగా ఉండగా, ఒక వేలితో పక్క పోచల మొదళ్లు అదిమిపట్టి చేత్తోనే పీకుతున్నాను. కలుపు తీసే ఆడవాళ్ల నడుము నొప్పి ఏమిటో నలభై ఏళ్లకు తెలిసింది.

మిగిలింది కంచె వారనున్న తుంగ. పీకితే కింద గడ్డ తెగి మళ్లీ లేస్తోంది, మీ చేలో నీవేం చేస్తున్నావో వివరంగా రాయి, ఎందుకంటే నేను అనుకునేదేమిటంటే... పాప బడి బస్సు హారన్ వినిపిస్తోంది, పరుగెత్తాలి.

నీ
రెండో బెంచీ