పాపికొండల పల్లెలకు పడవ అంబులెన్సు కావాలి
పాపికొండల నడుమ గోదావరి ఒడ్డున ఉన్న కొండరెడ్డి గిరిజనుల పల్లెలకు వరద రోజుల్లో వైద్యం అందడం లేదు. పేరంటాలపల్లి వంటి ఊళ్లకు నదే ప్రధాన దారి కావడంతో, నీరు పోటెత్తి లాంచీలు ఆగిన రోజున జ్వరపడినవారిని, నెలలు నిండిన గర్భిణులను అడవి దారిన డోలీలో మోసుకెళ్లడం నేను కళ్లారా చూశాను. 2022 జూలైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71 అడుగులు దాటింది. పోలవరం ప్రాజెక్టు పనుల కోసం నదికి అడ్డంగా ఎగువ కాఫర్ డ్యాం (తాత్కాలిక కట్ట) కట్టాక ముంపు ఎక్కువ రోజులు నిలుస్తోందని అక్కడివారు చెబుతున్నారు. ప్రాజెక్టు ముంపు ఊళ్లకు పునరావాసం పూర్తయ్యేదాకా ఈ మనుషులు ఎదురుచూస్తూ కూర్చోలేరు. ప్రభుత్వం ఏటా జూన్‌లోపే మూడు నెలల బియ్యం, మలేరియా మందులు ఊళ్లకు చేర్చాలి, నెలలు దగ్గరపడిన గర్భిణులను ముందుగానే ఆసుపత్రి చెంత వసతిలో ఉంచాలి, సుడులు తెలిసిన స్థానిక సరంగులతో, లైఫ్ జాకెట్లతో, నర్సుతో కూడిన పడవ అంబులెన్సును నడపాలి.
— ఒక పాఠకుడు, చింతూరు