బుజ్జిగాడు ఏదో పట్టుకొచ్చినప్పుడు

టొరంటో

చెల్లీ,

బుజ్జిగాడు సోఫా పట్టుకుని పక్కకి అడుగులేస్తున్నాడని రాశావు. ఎంవీపీ కాలనీలో పక్కింటి పిల్ల పదో నెలకే నడిచేసిందని అమ్మ బెంగ పెట్టుకోనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో (అందులో మన ఢిల్లీ పిల్లలూ ఉన్నారు) సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. 18 నెలలు నిండినా నడవకపోతే పిల్లల డాక్టరుకి చూపించాలి.

నువ్వు మాత్రం వాడి కాళ్లకంటే చేతుల్ని గమనించు. పాకేటప్పుడు రెండు చేతులూ నేలకే సరిపోతాయి, కంటికీ ఎక్కువగా నేలే కనబడుతుంది. లేచి నడిచాడా, చేతులు ఖాళీ, ఎదురుగా మీ మొహాలు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కారెన్ అడాల్ఫ్ బృందం 13 నెలల పిల్లల్ని పరిశీలించింది. పాకేవాళ్లు ఎక్కువగా కూర్చున్నచోటే బొమ్మ ఎత్తి చూపిస్తారు. నడిచేవాళ్లు ఎక్కువసార్లు మోసుకొచ్చి అమ్మకి అందిస్తారు. అలా తెచ్చినప్పుడు తల్లులు కూడా "మూత తియ్యి" లాంటి పని చెప్పే మాటలు ఎక్కువగా అన్నారు.

కాబట్టి వాడు గరిటె తెచ్చిస్తే ముద్దు పెట్టి పక్కన పడేయకు. "తాతయ్యకి ఇచ్చి రా" అని వేలితో చూపించి, వాడు కదిలేదాకా ఆగు. నాన్నని గది అవతలి చివర కూర్చోబెట్టు. వాడికి అందే ఎత్తులో ఓ బుట్టలో నాలుగైదు వస్తువులు చాలు: గిన్నె, గరిటె, ఏటికొప్పాక లక్కబొమ్మ. నోట్లో పట్టేంత చిన్నవి మాత్రం వద్దు.

పడతాడు. 12 నుంచి 19 నెలల పిల్లలు ఆటలో గంటకి సగటున 2,368 అడుగులు వేసి 17 సార్లు పడ్డారని అదే బృందం లెక్క. పడగానే నీ మొహం చూస్తాడు. నువ్వు "అయ్యో" అంటే ఏడుపు ఖాయం.

చక్రాల వాకర్ కొనొద్దు, ఎవరైనా ఇచ్చినా వద్దు. ఇక్కడ కెనడాలో 2004 నుంచి దాని అమ్మకమే నిషేధం. మెట్ల మీంచి దొర్లుతుంది, పొయ్యి దాకా చెయ్యి అందుతుంది. పైగా మునివేళ్లతో తోయడం అలవాటై సొంతంగా నిలదొక్కుకోవడం ఆలస్యం కావచ్చు, అందులో ఉంటే కింద పడ్డది వంగి తీయలేడు. మన మూడు చక్రాల చెక్కబండి నయం, కానీ తనంతట లేచి నిలబడ్డాకే. టైల్స్ మీద జారిపోకుండా కిలో బియ్యం మూట కట్టు.

వాడి రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని నడిపిస్తే బరువు ముందుకి పడుతుంది. నడుం దగ్గర పట్టుకో. ఇంట్లో వట్టికాళ్లే మేలు, సాక్సు జారుతుంది. ఆర్కే బీచ్ ఇసుక తర్వాత చూద్దాం.

అడుగులకి అరిసెలు వండమని అమ్మకి చెప్పు. ఒకటి వాడి చేతికిచ్చి, ముందు ఎవరి దగ్గరికి పట్టుకెళ్లాడో నాకు రాయి.

అక్క