రోబో చేయి కదిలితే చాలదు

సంపాదకులకు,

మన ఇంజినీరింగ్ కాలేజీల రోబోటిక్స్ ల్యాబుల్లో చేయి కదిలితే ప్రయోగం అయిపోయినట్టే లెక్క. ఎందుకు వణికిందని అడిగేవారు తక్కువ. అసలు చదువు అక్కడే ఉంది. అర మీటరు చేయి కొసన 2 కిలోల బరువు పెట్టండి. అడ్డంగా చాపితే ఆ బరువుకే మోటారు మీద సుమారు 9.8 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) పడుతుంది, నిలువుగా నిలిపితే సున్నా. గురికీ చేయికీ మధ్య తేడాను, ఆ తేడా కూడికను, అది మారే వేగాన్ని చూసి టార్క్ ఇచ్చే పద్ధతి పీఐడీ. ఒక కోణంలో కుదిరిన పీఐడీ గెయిన్లు (ఆ మూడింటికీ ఇచ్చే పాళ్లు) ఇంకో కోణంలో కుదరవు. అందుకే కోణాన్ని బట్టి బరువు టార్క్‌ను ముందే లెక్కగట్టి కలపాలి, మిగిలిన తేడాను పీడీకి (కూడిక లేని పీఐడీకి) వదలాలి. పీఐడీనే వాడితే, మోటారు గరిష్ఠ టార్క్ వద్ద ఉన్నంతసేపూ ఇంటిగ్రల్‌ను, అంటే తేడా కూడికను, ఆపాలి. లేదంటే చేయి గురి దాటి దూసుకుపోతుంది.

తేడా ఏ వైపు ఉందో చూసి పూర్తి టార్క్‌ను దానికి ఎదురుగా వేసే ఇంకో పద్ధతి స్లైడింగ్ మోడ్. అందులో టార్క్ క్షణక్షణం అటూ ఇటూ తిరగబడి గేర్లు కటకటలాడతాయి, మోటారు వేడెక్కుతుంది. తేడా సున్నా అయ్యే చోటుకు ఇరువైపులా సన్నని మేర టార్క్‌ను వాలుగా మారిస్తే ఆ చప్పుడు తగ్గుతుంది, కొద్దిపాటి తేడా మాత్రం మిగులుతుంది.

నాన్‌లీనియర్ వ్యవస్థలపై (ఈ చేయిలా, స్పందన ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో ఉండనివాటిపై) ప్రపంచమంతా చదివే పాఠ్యగ్రంథం రాసిన మాతుకుమల్లి విద్యాసాగర్ గుంటూరులో పుట్టినవారే. ఆ గణితం మన విద్యార్థులకు పరీక్ష ప్రశ్నగానే మిగలడం బాధాకరం. ప్రతి ల్యాబ్ రికార్డులోనూ టార్క్, తేడా గ్రాఫులు రెండూ తప్పనిసరి చేయాలని విశ్వవిద్యాలయాలను కోరుతున్నాను.

– ఒక కంట్రోల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడు, హైదరాబాద్