మా పేరు మేమే కొనుక్కోవాలా?

పేటెంట్లు, డిజైన్లు, ట్రేడ్ మార్కుల కంట్రోలర్ జనరల్ గారికి,

నమస్కారం. మాది గుంటూరులో చిన్న పచ్చళ్ల వ్యాపారం. 4,500 రూపాయల ఫీజు కట్టి మా పేరును ట్రేడ్ మార్కుగా రిజిస్టర్ చేయించుకున్నాం. మొన్న వేసవిలో పాత కస్టమర్ ఒకావిడ ఫోన్ చేసి, "ఈసారి ఆవకాయ ముక్క మెత్తబడిపోయిందేంటమ్మా?" అని నిలదీశారు. ఆర్డర్లన్నీ వెతికాను, ఆవిడ పేరే లేదు. తీరా చూస్తే, నెట్‌లో మా పేరు టైప్ చేసి, అన్నిటికంటే పైన వచ్చిన ప్రకటన నొక్కారట. కొట్టు వేరేవాళ్లది, శీర్షికలో పేరు మాత్రం మాది!

ఇప్పుడు మా పేరు వెతికితే మా ప్రకటనే పైన రావాలని, మా పేరు కోసం మేమే వేలం పాడుతున్నాం, క్లిక్కుకి ఇంత అని.

గూగుల్‌కూ డీఆర్‌ఎస్ లాజిస్టిక్స్ అనే కంపెనీకీ మధ్య నడిచిన కేసులో 2023 ఆగస్టు 10న ఢిల్లీ హైకోర్టు, ఒకరి ట్రేడ్ మార్కును కీవర్డ్‌గా, అంటే ఆ మాట వెతికితే తమ ప్రకటన వచ్చేలా, పెట్టడం చట్టం దృష్టిలో వాడకమే అంది. కానీ అంతమాత్రాన ఉల్లంఘన కాదు, కొనేవాళ్లు తికమకపడే పరిస్థితి ఉంటేనే తప్పు. సబబే, పోటీ ఉండాల్సిందే. ఆ తికమకను నిరూపించడానికి పచ్చళ్లు అమ్ముకునేవాళ్లు కోర్టు మెట్లెక్కగలరా?

ఎప్పుడు ఫిర్యాదు చేయొచ్చో, ఏ స్క్రీన్‌షాట్లు దాచుకోవాలో సర్టిఫికెట్‌తో పాటే తెలుగులో ఒక కాగితం ఇప్పించండి. శీర్షికలో పరాయి మార్కు కనిపిస్తే ప్రకటన సంస్థలే మీ రిజిస్టర్‌తో సరిచూసుకునేలా కేంద్రానికి సిఫారసు చేయండి. వేసవిలో మళ్లీ కాయ దిగుతుంది, అప్పటికల్లా అయితే మేలు.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక పచ్చళ్ల వ్యాపారి