పరిశోధకుల పాఠాలనూ ప్రచురించండి

సంపాదకులకు నమస్కారం.

మన వరంగల్ ప్రాంతపు విశ్వవిద్యాలయ అధ్యాపకుల గురించి పత్రికల్లో ఏదైనా వార్త వచ్చిందంటే, అది చాలావరకు పేటెంటో, పురస్కారమో, విదేశీ సదస్సుకు ఆహ్వానమో అయి ఉంటుంది. అవి రావలసిన వార్తలే. అయితే వాటిని చదివిన పదో తరగతి విద్యార్థికి ఆ అధ్యాపకులు రోజూ చేసే పని ఏమిటో, తరగతి గదిలో ఏం చెబుతారో, సెలవు రోజున వారి మనసు దేని మీదికి పోతుందో తెలియదు. నేను హనుమకొండలో భౌతికశాస్త్రం బోధించే ఉపాధ్యాయుణ్ణి. నాకు ఎమ్మెస్సీలో పాఠాలు చెప్పిన ఒక నానో పదార్థాల పరిశోధకుని గురించి చెప్పి, ఈ లోటును మీ దృష్టికి తేదలచాను.

నానోమీటరు అంటే మీటరులో వందకోట్లవ వంతు. కొన్ని పదుల నానోమీటర్ల జింక్ ఆక్సైడ్ రేణువులను తయారుచేసి, ఎండ సాయంతో రంగునీటిని శుభ్రపరచడం ఆయన పరిశోధన. జింకు లవణాన్ని క్షార ద్రావణంతో కలిపి, లోపల టెఫ్లాన్ పాత్ర ఉన్న స్టీలు ఆటోక్లేవులో (ఆవిరి బయటికి పోకుండా మూసి వేడిచేసే పాత్రలో) బిగించి, గంటల తరబడి వేడిచేస్తే తెల్లని పొడి వస్తుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, ఎక్స్‌రే వివర్తనంతో, అంటే ఎక్స్‌రేలు పడి చెదిరే తీరును బట్టి, పరీక్షించాకే తాము కోరుకున్న పదార్థం వచ్చిందో లేదో తేలుతుంది. మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు కలిపిన నీటిలో ఆ పొడి వేసి ఎండలో ఉంచితే, రేణువులు అతినీలలోహిత కాంతిని గ్రహించి రంగు అణువులను ముక్కలు చేస్తాయి, నీలం క్రమంగా పాలిపోతుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దరీలను నేసే కొత్తవాడలో, అద్దకం నీటి సంగతి ఎరిగినవారికి ఈ పని ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. కానీ ఎండలో అతినీలలోహిత భాగం చాలా తక్కువ, పైగా వాడిన పొడిని నీటి నుంచి పూర్తిగా వెనక్కి తీయడం కష్టం. ఈ చిక్కులను ఆయన మొదటి రోజే విద్యార్థుల ముందు పెట్టేవారు. పత్రికల వార్తల్లో సరిగ్గా ఈ భాగమే కనిపించదు.

ఆదివారాలు ఆయన దుర్భిణి తీసుకుని వడ్డేపల్లి చెరువు గట్టుకో, పాకాలకో పక్షులను చూడటానికి వెళ్లేవారు. వెంట వస్తామన్న విద్యార్థులను కాదనేవారు కాదు. తీగ మీద వాలినప్పుడు మట్టిరంగుగా కనిపించే పాలపిట్ట, రెక్కలు విప్పగానే అంత నీలంగా ఎలా మెరుస్తుందని ఒకసారి మమ్మల్ని అడిగారు. ఆ ఈకలో నీలి వర్ణకం లేదు. ఈకకు మూలపదార్థమైన కెరటిన్ అనే ప్రోటీన్‌లోని నానో పరిమాణపు గాలి అరలు నీలి కాంతిని ఎక్కువగా వెదజల్లడం వల్ల ఆ రంగు పుడుతుంది. పక్షుల ఈకల రంగులపై 1934లో సి.వి. రామన్ రాసిన పత్రంలో పరిశీలించిన పక్షి మన పాలపిట్టే. మరునాడు తరగతిలో ఆయన ఒక నెమలి ఈకను కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టి, మెరుపు పోయి గోధుమరంగు మిగలడం చూపించారు. 2023లో రసాయనశాస్త్ర నోబెల్‌కు కారణమైన క్వాంటమ్ డాట్లలో, అంటే కొన్ని నానోమీటర్ల అర్ధవాహక రేణువులలో, రేణువు పరిమాణాన్ని బట్టి రంగు మారే తీరును, దానికీ ఈకలోని రంగుకూ ఉన్న తేడాను ఆ తరువాతే వివరించారు. ఆ పాఠం నాకు ఈనాటికీ పుస్తకం తెరవకుండా గుర్తుంది. పక్షులపై ఆయనకున్న ఇష్టమే లేకపోతే ఆ పాఠం అలా వచ్చేది కాదని నా నమ్మకం.

దసరా నాడు పాలపిట్టను చూడటం శుభమని మనం నమ్ముతాం. ఆ నమ్మకాన్ని ఆసరా చేసుకుని కొందరు దాన్ని పట్టి, పంజరంలో పెట్టి, డబ్బులకు చూపిస్తున్నారు. ఊరి బయట పొలాల దగ్గర తీగల మీద స్వేచ్ఛగా కనిపించే పిట్టను పంజరంలో ఎందుకు చూడాలన్న ఆయన మాట, ఆ ఈక రహస్యంతో కలిపి దసరాకు ముందు మీ పత్రికలో వస్తే ఎన్నో ఇళ్లకు చేరుతుంది.

కాబట్టి జిల్లా సంచికలో వారానికి ఒకసారి, ఇక్కడి పరిశోధకుల గురించి అరపేజీ కేటాయించవలసిందిగా కోరుతున్నాను. అందులో వారి ఫలితాలతోపాటు ఇంకా తేలని చిక్కులు, పిల్లలకు చెప్పే ఒక పాఠం, ప్రయోగశాల బయట వారికున్న ఇష్టాలు కూడా ఉండాలి. అధ్యాపకులను కలిసి వివరాలు సేకరించడానికి, మా విద్యార్థుల ప్రశ్నలు పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

– ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, హనుమకొండ